మొలతాడుకు వేలెడు సందు

మన సుబ్బయ్య నాయనకు,

నేను చెబుతుంటే కోడలు రాస్తోంది. నిన్న నీ ఏడాది తద్దినం పెట్టాము. నీ కొడుకు నందికొట్కూరులో అంగడి పెట్టినప్పటి నుంచి కూర్చున్న చోటు కదలడు. నిన్న పీట మీద నుంచి లేవబోయి ఆయాసపడ్డాడు. మొలతాడు నడుములోకి దిగి ఎర్రగా వాత పెట్టింది.

"పొడుగు తాడు తెప్పియ్యమ్మా" అన్నాడు.

"తాడు పెరిగేది కాదురా, బువ్వ తగ్గాల."

"ఒళ్ళుంటేనే షావుకారంటారు గదమ్మా."

"చెప్పులు తొడుక్కోనీకి వంగలేని షావుకారు యాడన్నా ఉండాడా?"

కోడలు భయపడి ఇక పూటకింత గంజి చాలంది. దానికీ నేను ఒప్పుకోలేదు. మొలతాడు కింద వేలు ఆడాలి, తాడు మాత్రం జారకూడదు. జారితే ఏమవుతుందో నాకు తెలుసు. నువ్వు మంచాన పడ్డాక నీ తాడు ముడి మీద ముడి వేసి బిగించింది నేనే కదా.

ఈ పొద్దున వాడికి రెండు జొన్నరొట్టెలు పెట్టి, బండి ఎక్కకుండా అంగడికి నడిచి పొమ్మన్నాను. సణుక్కుంటూనే పోయాడు. సణగనీ. నిన్ను సాగనంపాను, వాణ్ణి సాగనంపే ఓపిక నాకు లేదు. నా పాడె మోయాల్సింది వాడు. దింపుడుకల్లం దగ్గర తప్ప ఎక్కడా దించకుండా మోయాలి.