ఏడు పేర్ల రాయి

జూన్ 4
దుర్గి, శిల్పుల వీధి. పలక పూర్తయింది. తీరంలో కడుతున్న ఏడు దేశాల కూటమి భవనానికి శిలాఫలకం — వాక్యాలు నావి, ఉలి వీరాచారి గారిది. "తుఫాను వార్త పొరుగు దేశానికి ఆలస్యంగా చేరిన దుఃఖం నుంచి ఈ కూటమి పుట్టింది. ఇక ఎవరికీ ఆలస్యం కాకూడదన్నదే దీని ఉద్దేశం." నరసరావుపేట కాలేజీలో ఇన్నేళ్లు పాఠంగా చెప్పినది, రాయి మీద రెండుసార్లు చదువుకున్నాను.

తరువాత పేర్లు చూశాను. మన దేశం పైన, జానెడు అక్షరాలలో. మిగిలిన ఆరూ కింద, చిన్నవిగా.

"ఏంది మేడమ్ అట్టా చూస్తారు? భవనం కట్టేది మనం గదా! చేతిపంపుకి రాయేసినా సర్పంచి పేరే పెద్దది," అన్నారు వీరాచారి గారు.

జూన్ 5
కూటమి కార్యాలయానికి ఫొటో పంపక తప్పలేదు. జవాబు గంటలోనే: సభ్యులందరూ సమానులు; పది రోజుల్లో సరిచేయకుంటే పని నగరంలో చెక్కే యంత్రాలకు ఇస్తారట. పొరపాటు నాదని రాశాను. అబద్ధం కాదు — వాక్యాలు ఇచ్చాను, పేర్ల కొలత ఇవ్వలేదు.

జూన్ 6
ఆచారి గారు ఉలి ముట్టడం లేదు. ఏడు దేశాల వాళ్లు చూసే ఆయన తొలి పని ఇది. నెమ్మదిగా వివరించాను: ఒక్క దేశం కాదన్నా నిర్ణయం ఆగుతుంది. చిన్నదైనా సరే.

ఆయన భార్య రమణమ్మ, బియ్యం ఏరుతూ: "చాపకూడు అని చెప్పరాదా అమ్మా! కారెంపూడిలో ఏటా చూసేదేగా. అన్ని కులాలకీ ఒకే చాప, ఒకే అన్నం కుప్ప. ఈయన సర్పంచికి విడిగా విస్తరేసినాడు."

"ముందే చెప్పొద్దా?" అన్నారు ఆచారి గారు.

"నన్నెవురడిగినారు!"

ఆయన నవ్వారు. పలకను వెనక్కి తిప్పించారు. బొగ్గుతో ఒక వృత్తం.

జూన్ 12
ఏడు పేర్లు వలయంగా, నడుమ నా వాక్యాలు. స్కేలుతో కొలిచాను. అన్నీ ఒకే ఎత్తు.

జూన్ 13
ఆమోదం! ఏడుగురు ప్రతినిధులూ ఒకే మాట. ఫోన్‌లో చెబితే ఆయనకన్నా ముందు రమణమ్మ కేక — "చూసినావా!"

జూన్ 16
లారీ కదిలింది. ఆచారి గారు మాచర్ల రోడ్డు దాకా వెంట నడిచారు.

జూన్ 19
భవనం నుంచి ప్రశ్న. గోడకు నిలబెడితే ఏదో ఒక పేరు పైకి వస్తుంది. ఏది?

ఆచారి గారిని అడిగాను.

"చాపని గోడకి ఆనిస్తామా మేడమ్? నేల మీద పరవమనండి. వెనకున్న ఆ పెద్దచ్చరాల సంగతి మట్టి చూసుకుంటది."

అదే రాసి పంపాను — మట్టి మాట వదిలేసి. ప్రారంభం ఎల్లుండి. ఇంతవరకు జవాబు లేదు...