పేపర్ కప్పుల ఫోన్

జనవరి 20, సోమవారం

సంక్రాంతి సెలవుల తర్వాత స్కూల్ తెరిచాం. పొద్దున దట్టమైన పొగమంచు. కారంపూడి నుంచి స్కూటీ మీద వస్తుంటే రోడ్డు కనపడలేదు. అటూ ఇటూ మిరప కళ్ళాల ఎరుపు మాత్రం గాలిలో తేలుతున్నట్టుంది. కలలో బండి నడుపుతున్నానేమో అనిపించింది.

మూడో క్లాసు షబ్నం ఇవాళా మాట్లాడలేదు. దసరా సెలవుల ముందు దాకా క్లాసంతా దాని గొంతే. ఆ సెలవులయ్యాక ఇంట్లోనూ, స్కూల్లోనూ ఒక్క మాట లేదు. నరసరావుపేటలో డాక్టరుకి చూపించారు. చెవులు బాగున్నాయి, గొంతు బాగుంది అన్నాడట.

జనవరి 22, బుధవారం

మధ్యాహ్నం షబ్నం వాళ్ళమ్మ అమీనా బీ వచ్చింది. నోరు తెరవని పిల్లకి చదువెందుకు మేడమ్, ఈ నెలతో మానిపిస్తా, నాతో మిరపకాయ కోతకొస్తది అంది. కోపంగా కాదు, అలిసిపోయి. కొన్నాళ్ళు ఆగమన్నాను. ఆగితే నేనేం చేస్తానో నాకే తెలియదు.

జనవరి 23, గురువారం

మండలం టీచర్లందరికీ టీఎల్ఎం మేళా. ఎవరికిష్టమైన బోధన సామగ్రి వాళ్ళు తెచ్చి టేబుళ్ళ మీద పెట్టారు. సీసా మూతలతో ఎక్కాలు, థర్మోకోల్ గుండె, అందులో ఎర్రనీళ్ళు. నావి మామూలు ఫ్లాష్ కార్డులు. ఒక మూల రెండు పేపర్ కప్పులు, మధ్యలో దారం. ఒకటి చెవికి పెట్టుకున్నాను. అవతల ఎవరూ లేరు. అయినా దూరంగా కాలవ పారుతున్నట్టు ఏదో చప్పుడు. వెనక ఎవరో దగ్గితే గానీ కదల్లేదు నేను.

జనవరి 24, శుక్రవారం

టీ కప్పులు, మిరప బస్తాలు కుట్టే దారం. ఫోన్ రెడీ. స్మార్ట్ టీవీ ఇచ్చాక కూడా ఈ కప్పులేందమ్మా అని హెడ్మాస్టర్ గోపాలకృష్ణయ్య గారు నవ్వారు. పిల్లలు మాత్రం ఎగబడ్డారు. ఒకడు బిర్యానీ ఆర్డర్ చేశాడు. షబ్నం లంచ్ బెల్ అంతా కప్పు చెవికి ఆనించుకునే కూర్చుంది. ఏమీ అనలేదు. వదలనూ లేదు.

జనవరి 27, సోమవారం

దారం తెగింది. కొత్తది కట్టాను. అంతే.

జనవరి 29, బుధవారం. సాయంత్రం

స్కూటీ ఆపగానే ఇది రాస్తున్నాను.

అందరూ వెళ్ళాక షబ్నం ఒక కప్పు నా చేతిలో పెట్టి, రెండోది పట్టుకుని గ్రౌండ్‌లోకి నడిచింది. దారం బిగిసింది. చాలాసేపు ఊపిరి మాత్రమే. ఆ తర్వాత మాట. ఎంత సన్నగా అంటే, నేనే మనసులో అనుకుంటున్నానేమో అనుకున్నాను.

దసరా సెలవుల్లో వాళ్ళ నాన్నతో ఎత్తిపోతల జలపాతానికి పోయిందట. జనంలో చెయ్యి జారిపోయింది. అబ్బా అని, వాళ్ళ నాన్నని అలాగే పిలుస్తుంది, అరిచింది. ఆయన వీపు కనపడతానే ఉంది మేడమ్, చానాసార్లు అరిచినా, తిరగలా అంది. నా గొంతు ఆడ నీళ్ళల్లో పడిపోయింది అంది.

పడిపోలేదమ్మా, నాకిప్పుడు వినపడుతోంది కదా అన్నాను.

ఈ గొంతు దారంది అంది.

జనవరి 30, గురువారం

వాళ్ళ నాన్న సర్దార్ ఆటో నడుపుతాడు. స్టాండుకి వెళ్ళి చెప్పాను. మొదట గుర్తు రాలేదు. తర్వాత గుర్తొచ్చి సీట్లో కూలబడ్డాడు. నీళ్ళ హోరుకి నాకినపళ్ళేదు మేడమ్, ఎనక్కి చూసి ఎంటనే ఎత్తుకున్నా గదా, ఏడవను గూడా ఏడవలేదే అన్నాడు. తప్పు పట్టడానికి రాలేదన్నాను. రేపు ఒకసారి స్కూలుకి రమ్మన్నాను.

జనవరి 31, శుక్రవారం

నమాజుకి వెళ్ళే ముందు వచ్చాడు. తెల్లచొక్కా, తలకి టోపీ. చేతిలో కప్పు ఎలా పట్టుకోవాలో తెలియక నిలబడ్డాడు. షబ్నం గ్రౌండ్ ఆ చివరికి పోయి, వెనక్కి తిరగమని చేత్తో సైగ చేసింది. ఆయన అటు తిరిగి కప్పు చెవికి పెట్టుకున్నాడు.

ఏమందో నాకు వినపడలేదు. ఆయన భుజాలు ఒక్కసారి కదిలాయి. తిరిగాడు.

మళ్ళీ అటు తిరగమంది. తిరిగాడు. మళ్ళీ పిలిచింది. మళ్ళీ ఇటు. ఆటలాగా ఎన్నిసార్లో. ఎండలో ఆ మనిషి తెల్లగా గిర్రున తిరుగుతుంటే నాకు కళ్ళు చెదిరాయి. పిలిచినప్పుడల్లా పిల్ల ఒక అడుగు ముందుకేస్తోంది. దారం వదులై నేల మీద పడింది. వాళ్ళిద్దరూ చూసుకోలేదు.

అబ్బా.

ఈసారి నాకూ వినపడింది. ఎప్పుడొచ్చిందో, గేటు దగ్గర నిలబడ్డ అమీనా బీకీ వినపడింది. కోతకి కట్టుకున్న తలగుడ్డ తీసి మొహానికి అడ్డం పెట్టుకుంది.

ఫిబ్రవరి 3, సోమవారం

అమీనా బీ షబ్నంని గేటు దాకా తెచ్చి దింపింది. ఇంట్లో నోరు మూయట్లేదంట. కోతకి నేనొక్కదాన్నే పోతాలే మేడమ్ అంది. క్లాసులో మాత్రం ఇంకా మౌనమే. నాకు తొందరేం లేదు.

ఫిబ్రవరి 12, బుధవారం

బోర్డు మీద రాస్తుంటే వెనక నుంచి ఎవరో సుకన్యా అని పిలిచారు. మేడమ్ కాదు, టీచర్ కాదు. ఈ ఊళ్ళో నా పేరు పెట్టి ఎవరూ పిలవరు.

ఆఁ అంటూ వెనక్కి తిరిగాను.

షబ్నం నవ్వుతోంది.