అరవై ముల్లంగులు, నలభై సబ్బులు

ఒసాకా, సెప్టెంబరు 8

శ్రీవారికి,

ఇక్కడ ఎండలు ఇంకా మాడ్చేస్తున్నాయి. మీ కుషిరోలో అప్పుడే స్వెట్టర్లు బయటికి తీశారని టీవీలో చెప్పారు. మీ బూడిదరంగు స్వెట్టరుకి మోచేతి దగ్గర చిల్లి కుట్టి పెట్టాను, చూసుకున్నారా?

ఏప్రిల్లో బదిలీ మీద వెళ్తూ వెళ్తూ మీరు నా నెత్తిన పెట్టిపోయిన కంప్యూటరుతో ఎట్టకేలకు రాజీపడ్డాను. మీరు కొనిచ్చిన ఇంటిలెక్కల ప్రోగ్రాంలో ఏప్రిల్ నుంచీ ఉన్నవన్నీ ఎక్కించాను. ఇరవైనాలుగేళ్లు పెన్సిలూ పూసల చట్రంతో లెక్క రాశాను. రెండు యెన్లు తేడా వస్తే ‘ఇతరములు’ అని రాసేసి హాయిగా పడుకునేదాన్ని. ఇది మహా గడుసుది. ఒక్క యెన్ తేడా వచ్చినా ఎర్రగా గుడ్లురుముతుంది, దారికొచ్చేదాకా వదలదు. ఆగస్టు లెక్కల చీటీ అచ్చేసి పంపుతున్నాను.

టెలిఫోను ఖర్చు చూసి దానికి ఒళ్లంతా ఎర్రబడింది. కాబట్టి ఇకమీదట ఉత్తరాలే. స్టాంపుకి ఎనభై యెన్లు, అంతే.

ఇంకో మాట. నవంబరులో మూడురోజుల సెలవుకి మీరు వస్తే ఎలా ఉంటుందని దాన్ని అడిగాను. విమానానికి రానూపోనూ డెబ్బైవేలట. వద్దంటోంది. మీ ఇష్టం మరి.

మీ
హరుయో

తా.క. ఈ నెల మీ ఖర్చుల జాబితా పంపండి. జీతం బ్యాంకులో పడింది. మీ చేతిఖర్చు ఎప్పట్లాగే ముప్ఫైవేలు. పెంచమని అడగకండి, ఆ సంగతి కూడా దాన్ని అడిగేశాను.


కుషిరో, సెప్టెంబరు 19

హరుయోకి, కియోతాకా రాయునది ఏమనగా,

నేను క్షేమం. చలి మొదలైంది. చిల్లి కుట్టిన సంగతి చూశాను.

సెలవు విషయం. మిషన్ వద్దంటే వద్దు. అది చెప్పాక నేను కాదనేదేముంది?

అసలు సంగతికి వస్తాను. చీటీ మూడుసార్లు చదివాను. ‘ముల్లంగులు, అరవై, తొమ్మిదివేల యెన్లు’ అని ఉంది. హరుయో, ఇంట్లో ఉన్నది నువ్వొక్కదానివే! రోజుకి రెండు ముల్లంగులేమిటి? కడుపులో ఏమైనా బాధగా ఉందా? డాక్టరు పథ్యం పెట్టాడా? నా దగ్గర దాచకు.

ఇట్లు
కియోతాకా

తా.క. జాబితా: మధ్యాహ్నం భోజనాలు 14,000, సిగరెట్లు 6,000, వారపత్రికలు, కాఫీలు 4,000, సబ్బులు (40) 6,000. సరిగ్గా ముప్ఫైవేలు. ఎక్కడా ఎర్రబడదు.


ఒసాకా, అక్టోబరు 1

శ్రీవారికి,

ఎండలు తగ్గాయి. నా కడుపు దివ్యంగా ఉంది.

మిషన్ వద్దంటే వద్దని ఎంత సులువుగా రాసేశారండీ! మారుమాట కూడా లేదే. సరే, మంచిదే. మీ దుప్పట్లు ఎండలో వేద్దామనుకున్నాను, ఇక ఆ పని తప్పింది.

ముల్లంగులు ఊరగాయకి. ఆడవాళ్ల వంటింటి సంగతులు మీకెందుకు?

మీ సంగతి చెప్పండి. నెలకి నలభై సబ్బులా! ఇరవైనాలుగేళ్ల కాపురంలో స్నానానికి మిమ్మల్ని తరిమితే గాని వెళ్లేవారు కాదు. అక్కడ ఏ వాసన కడుక్కుంటున్నారు? ఎవరి అత్తరు? పక్కింటి నకగాకి గారు ఈ మాట విని టీ కప్పు కింద పెట్టేసి, “అయ్యో, ఒంటరి బదిలీలు ఎందరి కాపురాలు ముంచలేదూ!” అన్నారావిడ. నేను నవ్వేశాను. రాత్రి మాత్రం నవ్వు రాలేదు.

మీ
హరుయో

తా.క. మిషన్‌లో సబ్బులకి కొత్త పద్దు తెరవాల్సివచ్చింది. ‘అవసరమా, విలాసమా?’ అని అడిగింది. విలాసం అని నొక్కాను.


కుషిరో, అక్టోబరు 12

హరుయోకి, కియోతాకా రాయునది ఏమనగా,

అత్తరా! నేను పనిచేసేది చేపల డబ్బాల ఫ్యాక్టరీలో. గోదాము లెక్క చూడ్డానికి వెళ్లొస్తే బస్సులో నా పక్క సీటులో ఎవరూ కూర్చోరు. నలభై ఏం సరిపోతాయి? ఆ నకగాకి గారిని ఒక్కరోజు వచ్చి నా పక్కన నిలబడమను, అత్తరో కాదో తేలిపోతుంది.

ఊరగాయ అన్నావు. బాగుంది. మరి ఒక్క జాడీ కూడా నాకెందుకు పంపలేదు? సెప్టెంబరు చీటీలోనూ మళ్లీ అరవై. రెండు చీటీలూ గోడకి అంటించాను. నూట ఇరవై ముల్లంగులు! ఆంబోతుని కట్టేశావా పెరట్లో? ఎవరికి వండిపెడుతున్నావు?

ఇంకోటి చెప్పి ముగిస్తాను. సెప్టెంబరు నుంచీ మిషన్ ఇలా అంది, మిషన్ అలా అంది అని రాస్తున్నావు. నువ్వేమన్నావో ఒక్కసారీ రాయలేదు. రమ్మని నువ్వన్లేదు. పిలవని పేరంటానికి నేను రాను.

ఇట్లు
కియోతాకా

తా.క. సబ్బు విలాసం కాదు. మార్పించు.


ఒసాకా, అక్టోబరు 22

శ్రీవారికి,

చలి వచ్చింది.

వస్తానని మీరూ అన్లేదు. సెలవులకి నాకూ వేరే పనుంది. ఇంట్లో ఉండను. డిసెంబరు దాకా చీటీలు తప్ప ఉత్తరాలు ఉండవు.

మీ
హరుయో

తా.క. మార్పించను.


కుషిరో, మీ గది, నవంబరు 2

ఒసాకాలో మన ఇంట్లో కూర్చున్న శ్రీవారికి,

ఈ ఉత్తరం మీ బల్ల మీదే పెట్టి వెళ్తున్నాను. తిరిగొచ్చాక చదువుకోండి. స్టాంపు ఖర్చు కూడా లేదు.

మధ్యాహ్నం మీ తలుపు కొడుతుంటే కాపలా తాత వచ్చి, “ఆయన పొద్దున్నే వెళ్లాడమ్మా, చంకలో ఉప్పుచేప పొట్లం పెట్టుకుని! ఎక్కడికయ్యా అంటే, మా ఆవిడ ఇంట్లో ఎవరికి వండుతోందో చూసొస్తానన్నాడు” అన్నాడు. నేను తెచ్చిన జాడీని మెట్ల మీద పెట్టి అక్కడే కూర్చున్నాను. మీ విమానం, నా విమానం ఆకాశంలో ఎక్కడో ఎదురుపడే ఉంటాయి. తాత జాలిపడి తలుపు తీశాడు.

ఇక దాచేదేముంది? మనింట్లో ఒక్క ముల్లంగి కూడా ఎక్కువ కొనలేదు. మీరు వెళ్లిన ఏప్రిల్ నుంచి నెలనెలా తొమ్మిదివేలు బియ్యం డబ్బా అడుగున దాచాను. అడుగున దాచిన డబ్బుకి ఆ మాయదారి ప్రోగ్రాంలో చోటు లేదు. ఏదో ఒక పేరు పెట్టందే లెక్క కుదరనివ్వదు. ఆ రోజు చేతిలో ముల్లంగి ఉంది. ఏడు నెలలకి అరవైమూడు వేలు. మిగతా ఏడువేలు పాత పుస్తకాల్లోని ‘ఇతరములు’. రానూపోనూ టిక్కెట్టు సరిపోయింది.

మీ స్నానాల గదిలో వెతికాను. ఒకే ఒక్క సబ్బుంది, అరిగి అరిగి రేకులా. దాన్ని పట్టుకుని ఏడ్చాను, ఏం దాచను? ఏప్రిల్ వదిలేసినా, ఆరునెలల సబ్బులంటే ముప్ఫైఆరు వేలు. అది ఒకవైపు టిక్కెట్టే కదండీ! తిరుగు ఖర్చు నన్నే అడుగుదామనుకున్నారా? అసలు తిరిగి రావద్దనుకున్నారా?

వీధి చివర బూత్ నుంచి మనింటికి ఫోన్ చేశాను. “హలో, ఎవరండీ?” అని మీరు నా ఇంట్లోంచి నన్నే అడుగుతుంటే నవ్వాగలేదు. ఫోను నాణేలు గటగటా మింగేస్తోంది. “కదలకండి, రేపు పొద్దున్న విమానంలో నేనే వస్తున్నాను, దుప్పట్లు ఎండలో వెయ్యండి” అన్నాను.  చివరి నాణెం పడ్డాక మీరు, “నువ్వు లేకపోతే తోచడం లేదు హరుయో” అన్నారు. ఫోన్ కట్టయింది. ఆ మాట విన్నాను. వినలేదనుకుని ఇంట్లో మళ్లీ చెప్పాలి, సరేనా?

మీ
హరుయో

తా.క. కిటికీ దగ్గర ఒక జాడీ పెట్టాను. నిజం ముల్లంగి ఊరగాయ. రెండు ముల్లంగులు, మూడువందల యెన్లు.

మళ్లీ తా.క. ఫోనుకి రెండువేల ఎనిమిదివందలు అయ్యాయి. ఇంటికెళ్లి ఎక్కించగానే మిషన్ ‘అవసరమా, విలాసమా?’ అని అడుగుతుంది. అవసరం అనే నొక్కుతాను.