గేటు దగ్గర మీ పేరు

ఏవండీ,

ఇక మీకు ఫైనాన్స్ వాళ్ల ఉత్తరాలు రావు. రొయ్యలకు వైరస్ వచ్చి చెరువులు పోయాక మీరు ఐపీ పెట్టి పన్నెండేళ్లయింది. మీరు పోయి నాలుగేళ్లు. కోర్టు అప్పు కొట్టేసినా, కట్టమంటూ వాళ్లు మీ పేరిట రాస్తూనే ఉన్నారు.

పోయిన నెల ఒళ్లు మండి అమలాపురం వెళ్లి లాయరుగారిని కలిశాను. కోర్టు ఆర్డరు, మీ మరణ ధ్రువపత్రం జతచేసి ఆయన నోటీసు పంపారు. “ఇంక రావండి, దిగులెట్టుకోకండి” అన్నారు. నిజంగానే ఆగిపోయాయి.

ఇవాళ పోస్టుమాన్ మన గేటు దాటి వెళ్లిపోతుంటే ఆపి అడిగాను.

“మీకేం లేవండమ్మగారూ. పీడ వదిలిందండి” అన్నాడు నవ్వుతూ.

అప్పుడు తట్టింది. పెళ్లయిన నాటి నుంచి మీ పేరు నేను నోటితో పలకలేదు. మనవాళ్లంతా మిమ్మల్ని వరసలతోనే పిలిచేవారు. మీరు పోయాక ఈ వాకిట్లో మీ పేరు పెట్టి కేకేసింది ఈ పోస్టుమాన్ ఒక్కడే. నోటీసిచ్చి దాన్ని కూడా నేనే ఆపించాను.

అతని సైకిలు మలుపు తిరిగేదాకా ఆగాను. తర్వాత గేటు పట్టుకుని, ఇంటివైపు తిరిగి, “వీర్రాజుగారూ, ఉత్తరమండీ” అని పిలిచాను.

ఏమీ అనుకోకండి.