అవ్వ మాటకు నేను చెప్పిన కన్నడం

బైరకుంట, బాగేపల్లి తాలూకా
16-6-2008

ప్రియమైన శశీ,

చింతామణిలో టీచర్ ట్రైనింగులో చేరావో లేదో మహరాణివైపోయావు, ముందు నేనే రాయాలి కాబోలు! మనిద్దరికీ తెలుగు అక్షరాలు రావు కదా, ఎప్పటిలాగే కన్నడ అక్షరాల్లో తెలుగు రాస్తున్నాను. మీ హాస్టల్ వార్డెన్ ఉత్తరాలు విప్పి చదువుతుందన్నావు. మైసూరు మనిషే కదా, చదువుకోనీ, ఏం అర్థమవుతుందో చూద్దాం.

వాతావరణం మారిపోవడం మీద నిన్న మన యువజన సంఘం సభె జరిగింది. 'హవామాన బదలావణె' అని బ్యానర్ రాసింది నేనే. బడి వరండాలో అరవై మంది! నువ్వు పోతే సంఘం మూతబడుతుందన్నావే, ఇప్పుడు పద్నాలుగు మందిమి ఉన్నాం. ధారవాడ నుంచి రవీంద్ర సార్ అని, వాతావరణం మీద పనిచేసే ఒక సంస్థ మనిషి వచ్చాడు. ఆయనకు తెలుగు ముక్క రాదు. ఊరి పెద్దలు వానల గురించి చెప్పిందంతా నేనే కన్నడంలో చెప్పాను. పెద్దలూ పిల్లలూ ఒకచోట కూర్చుని ఇలా మాట్లాడుకోవడం తను ఇంతకు ముందు చూడలేదన్నాడు.

మీ అక్కయమ్మవ్వ కూడా లేచి మాట్లాడింది. ఏదో వాన గురించి, బావి గురించి. సార్ పుస్తకంలో రాసుకున్నాడు. ఆగస్టు మూడున చిక్కబళ్ళాపురంలో జిల్లా సమావేశం ఉందట, మన ఊరి తరఫున నన్ను మాట్లాడమన్నాడు. అవ్వ మాటతోనే మొదలుపెట్టాలట. మా నాయన ముందు వరసలో కూర్చుని ఒకటే మీసం దువ్వుకోవడం! మల్బరీ ఆకు బాగా వచ్చింది ఈసారి. నువ్వెలా ఉన్నావు, హాస్టల్ అన్నం, సారు నోట్లో పెట్టుకునేలా ఉన్నాయా?

గొప్పలు చెప్పుకుంటూ,
నీ నేత్ర


చింతామణి
24-6-2008

ప్రియమైన అధ్యక్షురాలు నేత్రమ్మగారికి,

వార్డెన్ నీ ఉత్తరం విప్పింది, తల గోక్కుంది, ఇచ్చేసింది. సారు సంగతి అడగొద్దు, నీళ్ళే నయం.

ఆదివారం ఊరికి వచ్చాను. నువ్వు పట్టుగూళ్ళు వేసుకుని మీ నాయనతో శిడ్లఘట్ట మార్కెట్టుకు పోయావన్నారు. సభలో ఏం మాట్లాడినావే అని అవ్వను అడిగాను. "నేత్ర కన్నడంలో చెప్పింది గదా, ఆ పాపనే అడుగు" అనింది. మా అవ్వ సంగతి నీకు తెలియనిదా? ఒకటి అడిగితే తొమ్మిది చెప్పే మనిషి. అలాంటిది ఆ ఒక్క మాటే అని బిందె ఎత్తుకుని ఊరి బోరింగు దగ్గరికి పోయింది. మా బావి పూర్తిగా ఎండిపోయిందట కదా, నాకెవరూ చెప్పలేదేం?

'ఏదో వాన గురించి' అని రాశావు. ఏదో ఏమిటే తల్లీ? మాట మాటా రాయి. సెలవు పెట్టి చిక్కబళ్ళాపురం నేనూ వస్తున్నాను. మా అవ్వ మాట మైకులో నీ నోట వినాలని ఉంది.

ఆకలితో,
శశికళ


బైరకుంట
17-7-2008

ప్రియమైన శశీ,

అలా పిలిచే యోగ్యత నాకుందో లేదో తెలీదు. నీ ఉత్తరం వచ్చి ఇరవై రోజులయింది. మూడుసార్లు రాసి చించేశాను.

మీ అవ్వ నా వైపు చూసి చెప్పింది మాట మాటా ఇదీ: "వానలు తగ్గినాయి, నిజమే. ముంగారు వాన ఎప్పుడొస్తుందో ఇప్పుడు ఎవురికి తెలుసు? అయితే నా బావి వాన లేక ఎండలేదమ్మా. ఎన్ని కరువులొచ్చినా ఎండని బావి. మీ నాయన నాలుగో బోరు ఏయించిన నెలకే ఎండిపాయె. ఇది యా దేశపు పొగ పాపా? సదువుకున్నోళ్ళు, మీరు చెప్పండి."

అంతకు ముందే నేను బయటి దేశాల ఫ్యాక్టరీల పొగ గురించి పెద్ద ఉపన్యాసం ఇచ్చి ఉన్నాను. రవీంద్ర సార్ నా ముఖం చూశాడు. నాయనా నా ముఖమే చూశాడు. నేను కన్నడంలో ఏం చెప్పానో తెలుసా? 'వానలు తగ్గి బావి ఎండిపోయిందట, ఇదంతా హవామాన బదలావణె వల్లేనని అజ్జి అంటున్నారు' అని చెప్పాను. గడగడా చెప్పేశాను, కొంచెం కూడా తడబడలేదు.

సార్ చప్పట్లు కొట్టాడు. ఇంకెవరూ కొట్టలేదు. అప్పుడు తట్టింది నా మట్టిబుర్రకు. తెలుగు రానిది సార్ ఒక్కడికే కదా, కన్నడం రానివాళ్ళు ఆ వరండాలో ఎవరున్నారు? అవ్వ చెప్పిందీ నేను చెప్పిందీ అరవై మందీ విన్నారు. ఒక్కరూ నోరెత్తలేదు. మీ అవ్వ నన్ను ఒకసారి చూసి, కొంగు దులుపుకుని కూర్చుంది. రెండు తిట్లు తిట్టి ఉంటే బాగుండేది.

ఇంకోటి కూడా చెప్పేస్తాను. ఆ నాలుగో బోరుకు పాయింటు చూపింది నేనే. నాలాగా ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళకు నీళ్ళు తెలుస్తాయని నాయన నా అరచేతిలో టెంకాయ పెట్టి పొలమంతా నడిపించాడు. టెంకాయ ఎక్కడ లేచి నిలబడితే అక్కడ నీళ్ళు. మూడు గంటలు నడిచినా అది కదల్లేదు. కాళ్ళు పీకుతుంటే, ఇక చాలనిపించి, గట్టు పక్కన వేళ్ళతో నేనే లేపాను. మీ బావి అక్కడికి కూతవేటు దూరం కూడా లేదు. అదృష్టమో కర్మమో, అక్కడే నీళ్ళు పడ్డాయి. శ్రావణంలో ఐదోది వేయిస్తాడట, మళ్ళీ నన్నే నడవమంటున్నాడు.

మొన్న బోరింగు దగ్గర అవ్వ కనబడితే బిందె అక్కడే వదిలేసి సందులోకి తప్పుకున్నాను. సిగ్గుతో చచ్చిపోతున్నానే. ఆ అబద్ధాన్ని మూడో తేదీ మైకులో నీ ముందు మళ్ళీ చెప్పాలా? ఏం చెయ్యమంటావు?

ముఖం చూపించలేని
నేత్ర


చింతామణి
21-7-2008

నేత్రా,

ప్రియమైన అని రాయడానికి చెయ్యి రాలేదు. నీ ఉత్తరం ఉండచుట్టి మూలకు విసిరేశాను. తర్వాత సాపు చేసుకుని, నిన్న ఊరికి పోయి అవ్వకు మొత్తం చదివి వినిపించాను. అడగకుండా చదివానని కోపం వస్తే రానీ.

అవ్వ కడదాకా వినింది. తర్వాత రాసుకోమనింది. ఆమె చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను, ఒక్క మాట మార్చలేదు.

"పాపా, కన్నడం రాక నేను తెలుగులో చెప్పినాననుకొంటివా? గౌరిబిదనూరు బడిలో సదివినదాన్ని నేను. ఆ ధారవాడ సారు, ఆయప్ప బయటోడు. మీ నాయన మానం ఆయప్ప ముందర తీసేది నాకు ఇష్టం లేకపాయె, అందుకే మన మాటలో చెప్పినా. అది ఆయప్పకు చెప్పిన మాట కాదు, మీకు చెప్పింది. నువ్వు ఆయప్పకు తప్పుగా చెప్పినావని నాకు కోపం లేదు. ఇది యా దేశపు పొగ అని మిమ్మల్ని అడిగితిని. చెట్లు నాటండి, పొయ్యిలు మార్చండి, నేను వద్దంటానా? అయితే పద్నాలుగు మంది ఉండారే, ఒక్కరన్నా నాకు జవాబు చెప్పిరా? నువ్వు ఆయప్ప పక్కకు తిరిగి మాట్లాడితివి. నా పక్కకు తిరగనే లేదు."

ఇది రాస్తుంటే నాకూ తల దించుకోవాలనిపించింది. బావి ఎందుకు ఎండిందని ఇంటి మనిషినై ఉండి నేనూ అడగలేదు. వచ్చే ఆదివారం సాయంత్రం అవ్వ బడి దగ్గర కూర్చుని ఉంటుందట. రావడం, రాకపోవడం నీ ఇష్టం.

శశికళ


బైరకుంట
28-7-2008

ప్రియమైన శశీ,

రవీంద్ర సార్‌కు ఫోను చేసి, ఆ మాట అవ్వది కాదు, నేను కల్పించింది, పుస్తకంలోంచి కొట్టేయమని చెప్పాను. చిక్కబళ్ళాపురానికి వేరే ఊరివాళ్ళను పిలుచుకోమన్నాను. ఎందుకని అడిగాడు. అది మా ఊరి సంగతి అన్నాను.

నిన్న సాయంత్రం బ్యానర్ కట్టలేదు. ఇరవై మంది దాకా వచ్చారు. సంగతేమిటో చెప్పకుండానే నాయననూ రమ్మన్నాను. నేను అవ్వ వైపు తిరిగి నిలబడ్డాను.

"అవ్వా, ఇది యా దేశపు పొగా కాదు. మీ బావి మా బోరువల్లే ఎండింది. పాయింటు చూపింది నేనే, అదీ దొంగ పాయింటే. ఆ పొద్దు కాళ్ళు నొప్పెత్తి టెంకాయ నేనే లేపినా, మా నాయనకు కూడా తెలీదు. ఐదో బోరుకు నేను నడవను" అన్నాను.

నాయన లేచి చెప్పులు వేసుకున్నాడు. పోతాడనుకున్నాను. పోలేదు. మెట్టు మీద అటు తిరిగి నిలబడి, "ఇంట్లో చెప్పింటే కాదా పాపా?" అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. మనవాళ్ళలో ఒక్కరూ ఊరుకోబెట్టలేదు శశీ. అది నాకు న్యాయమే.

మీ అవ్వ నేను ఏడ్చి ముగించేదాకా ఆగింది. క్షమించానని అనలేదు. కాళ్ళు చాపుకుని సర్దుకుని కూర్చుని, "సరే, ఇంగ సభె మొదలుపెట్టు" అనింది.

నీ
నేత్ర