మన పేరున పెరిగిన చెట్లు

అంబాజీపేట,
12-2-1974

అన్నయ్యకు నమస్కారాలు.

రంగూన్ నుంచి క్షేమంగా చేరాను. నాన్న పుట్టిన ఊళ్ళో నన్నెవరు గుర్తుపడతారని దారంతా బెంగే. బస్సు దిగి నాన్న పేరు చెప్పగానే ఒకాయన, "రంగం వాళ్ళమ్మాయాండి?" అంటూ నా పెట్టె అందుకుని, పెద్దమ్మ ఇంటికి తీసుకొచ్చాడు. రంగూన్‌ని ఇక్కడ రంగం అంటారు.

పెదనాన్న పోయినా తోటంతా పెద్దమ్మే చూసుకుంటోంది. కాళ్ళు కడుక్కోగానే నన్ను అక్కడికే లాక్కెళ్ళింది. ఈ ఇంట్లో ఎవరు పుట్టినా ఒక కొబ్బరిమొక్క పాతుతారట. సముద్రం అవతల పుట్టిన మనకీ పాతింది.

"ఇది నీదే అమ్మడూ. అదుగో, అది మీ అన్నది."

తుఫానుకి నీ చెట్టు కూలిపోతే, అక్కడ నీకేమైందోనని అన్నం మానేసి, ఆ గోతిలోనే మళ్ళీ మొక్క పెట్టిందట. మన మొహాలైనా చూడకుండా ఇంత చేసింది! ఇలాంటి మనిషి మనకుందని తెలియకుండా ఇన్నాళ్ళు ఎలా బతికాం అన్నయ్యా?

మూడోది వీరవేణిది. చెల్లి పసితనంలోనే పోయిన సంగతి రాయడానికి నాన్నకు చేతులాడలేదు. తర్వాత ఉత్తరాలే ఆగిపోయాయి. మూడింట్లోకీ ఆ చెట్టే విరగకాస్తోంది. పెద్దమ్మ దాని మొదలు నిమురుతూ, "చిన్నదాన్ని కూడా తీసుకురావలసింది. దాని కాయలు ఊళ్ళో పెళ్ళిళ్ళకే ఇస్తున్నాను" అంది.

ఆ చెట్టు బొండమే కొట్టించి నా చేతికిచ్చింది. తాగాను. నీళ్ళు చాలా తియ్యగా ఉన్నాయి.

నువ్వు తొందరగా రా. చెల్లి మాట నేనొక్కదాన్నీ చెప్పలేను.

నీ చెల్లెలు