ముళ్లు తీసిన మాటలు

అక్టోబర్ 11, శనివారం

మా అమ్మాయి సోల్ బూసాన్ నుంచి వచ్చి, నా ఫోన్‌లో ఒక యాప్ పెట్టి, సాయంత్రం బస్సుకి వెళ్లిపోయింది. ఎదుటివాళ్లు మాట్లాడితే ఆ మాటలు అక్షరాలై స్క్రీన్ మీద పడతాయి. నేను టైప్ చేస్తే అది గొంతు పెట్టి చదువుతుంది. నా కూతురు ఇచ్చిన వస్తువుల్లో ఇదే వింతైనది.

నా చెవులు ఐదో ఏట జ్వరంలో పోయాయి. ఇప్పుడు యాభై ఒకటి. ఇన్నేళ్లలో నా వెనక ఎన్ని మాటలు నడిచిపోయాయో.

పొద్దుపోయేదాకా ఇల్లంతా తిప్పాను ఫోన్‌ని. కింద చేపల దుకాణం ఆయన పిల్లిని "మహారాణీ, లే" అంటున్నాడు. రైస్ కుక్కర్ "అన్నం ఉడికింది, కలపండి" అంది. అది మాట్లాడుతుందని పదేళ్లుగా నాకెవరూ చెప్పలేదు!

అక్టోబర్ 14

దుకాణంలో ఫోన్‌ని దారపుండల డబ్బాకి ఆనించి పెట్టుకున్నాను. మసాన్ మార్కెట్లో మాది బట్టలు సరిచేసే దుకాణం. కుట్టేది నేను, కొలతలూ కబుర్లూ మా ఆయన దల్‌సువి. గిరాకీలు ఏమన్నా తను నా వైపు తిరిగి చేతులతో చెబుతాడు. సంజ్ఞల భాష నా కోసమే నేర్చుకున్నాడు, పెళ్లికి ముందు, ఒక్క చలికాలంలో.

అక్టోబర్ 16

ఒకావిడ ప్యాంటు జిప్పు మార్పించుకోవడానికి వచ్చింది. స్క్రీన్ మీద పడింది: "చెవిటి మనిషితో ఇన్నేళ్లు ఎలా వేగావయ్యా? నీ ఓపికకి దండం పెట్టాలి."

దల్‌సు నా వైపు తిరిగి చేతులాడించాడు. నీ కుట్టు చాలా సన్నగా ఉందంటోంది, అన్నాడు.

ఆవిడని చూసి నవ్వాను. అలవాటు కదా.

అక్టోబర్ 17

నిన్నటి నుంచీ ఆయన చేతులనే చూస్తున్నాను.

అక్టోబర్ 19, ఆదివారం

మధ్యాహ్నం అత్తయ్య ఇంట్లో భోజనం. రెండు సందుల అవతలే ఆవిడ గది. ఎనభై ఒకటి. నలభై ఏళ్లు ఎండు నెత్తళ్ల చేపలు అమ్మిన మనిషి. చదువు రాదు. నాకు వినపడదు. కాగితం మీద రాసుకునే దారి కూడా లేదు కాబట్టి ఇరవైనాలుగేళ్లుగా మా ఇద్దరి మధ్యా దల్‌సు చేతులే నడిచాయి. ఆయన లేనప్పుడు సోల్ చేతులు.

ఫోన్ బల్ల మీద పెట్టాను. అత్తయ్యది తీరప్రాంతపు యాస. యంత్రానికి మింగుడుపడలేదు. "పడవకి జలుబు చేసింది, మామగారిని ఎండబెట్టు" అని రాసింది. చూసి దల్‌సు నవ్వాడు. కాస్త ఎక్కువసేపే నవ్వాడనిపించింది.

నువ్వు చిక్కిపోయావంటోంది అమ్మ, బాగా తినమంటోంది, అన్నాడు.

నమ్మాను. నమ్మాలనిపించింది.

నవంబర్ 8

యాప్‌కి అప్‌డేట్ వచ్చింది. యాసలు కూడా పడతాయట.

నవంబర్ 22, శనివారం

అత్తయ్య వాకిట్లో చలికాలానికి కిమ్చీ పచ్చడి పెట్టాం. నలభై క్యాబేజీలు. తడవకుండా ఫోన్‌ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి, మూకుడు వెనక నిలబెట్టాను. అత్తయ్య నా చేతుల వంక చూసి ఏదో అంది. ఈసారి స్క్రీన్ తడబడలేదు.

"కారం పుయ్యమంటే గోడకి సున్నం కొట్టినట్టు కొడతందేందిరా ఇది!"

దల్‌సు: ఇంత ఓపిగ్గా ఎవరూ పూయలేరంటోంది.

"ఇరవైనాలుగేళ్లుగా మొత్తుకుంటన్నా, ఉప్పు తగ్గించమని. చెవులు లేవు సరే, నాలుక కూడా లేదా దీనికి?"

దల్‌సు: ఉప్పు సరిగ్గా పడిందట.

అందుకే అంత ఉప్పు వేస్తూ వచ్చాను. ప్రతి ఏడూ. మెచ్చుకుందని ఇంకో గుప్పెడు ఎక్కువే.

చేతి తొడుగులు తీసి, వేళ్లు తుడుచుకుని, ఫోన్ తీసి ఆయన ముఖం ముందు పెట్టాను. చదివాడు. ఎర్రటి కారం కారుతున్న చేతులు గాలిలో అలాగే ఆగిపోయాయి.

నేను ఇంటికి వచ్చేశాను. సగం క్యాబేజీలు అక్కడే ఉన్నాయి.

నవంబర్ 23

పొద్దున్నే అడిగాను, ఎప్పటి నుంచి అని. మొదటి వారం నుంచి అన్నాడు. పెళ్లైన మూడో రోజు ఆవిడ ఏదో అందట. ఏమందో చెప్పమన్నాను. వద్దు అన్నాడు. చెప్పకపోతే సోల్ దగ్గరికి వెళ్లిపోతానన్నాను. అప్పుడు చెప్పాడు. "మూగదాన్ని తెచ్చి నా వంశం నోరు మూయించావు కదరా" అందట.

ఇరవైనాలుగేళ్లు ఆలస్యంగా వచ్చినా ఆ మాట అప్పుడే అన్నంత వేడిగా ఉంది.

నన్ను పిచ్చిదాన్ని చేశావు అన్నాను. లేని మనిషిని ఉన్నట్టు చూపించావు, నేను ఆ మనిషి కాళ్లు ఒత్తాను, ఆ మనిషికి గంజి కాచిపోశాను అన్నాను. నా చేతులు ఎంత వేగంగా కదిలాయంటే బల్ల మీద కప్పు తగిలి పగిలింది. ఆయన ముక్కలు ఏరుతూ కూర్చున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు: నీకు చెబుదామనే లేపాను చేతులు. ఆ మాట వాటికి రాలేదు.

సోల్‌కి మెసేజ్ పెట్టాను, నీకు తెలుసా అని. జవాబు రావడానికి గంట పట్టింది.

"తెలుసమ్మా. నాకు ఆరేళ్లప్పుడు నాన్న చెప్పాడు. నానమ్మ మాటల్లో ముళ్లుంటాయి, చేపకి తీసినట్టు తీసేసి అమ్మకి పెట్టు అని. పెట్టాను. ఇన్నేళ్లు పెట్టాను. అలసిపోయానమ్మా."

అందుకే యాప్ పెట్టావా అని అడిగాను. అవును అంది. నా బిడ్డ ఆరో ఏట నుంచి ముళ్లు తీస్తోంది. నేను తింటున్నాను. నాకు తెలియదు.

దల్‌సు ఇంకోటి కూడా చెప్పాడు. ముళ్లు ఒకవైపు నుంచే తీయలేదట. సోల్ పుట్టినప్పుడు ఆసుపత్రి మంచం మీద నుంచి నేనొక మాటన్నాను, మీ అమ్మ నా బిడ్డని ముట్టుకోవడానికి వీల్లేదు అని. నాకు గుర్తుంది. ఆవిడ ముఖం నచ్చక అన్నాను. ఆయన వెళ్లి వాళ్లమ్మకి ఏం చెప్పాడంటే, పాపని ముందు నీ చేతుల్లోనే పెట్టాలంటోంది, అని.

ఆవిడ ఆ సాయంత్రమే బాలింతకి పెట్టే సముద్రపు నాచు సూపు కుండతో సహా దిగింది. మూడు వారాలు ఉండి పాప గుడ్డలన్నీ చేత్తో ఉతికింది. వద్దన్నా వచ్చిందే ఈ మనిషి, అనుకున్నాను అప్పుడు. ఆ మూడు వారాల్లోనే ఆవిడ మీద నా మనసు మెత్తబడింది.

నవంబర్ 26

మా ఇంట్లో మాటలు మానేయడమంటే చేతులు జేబుల్లో పెట్టుకోవడం. నాలుగు రోజులుగా ఇద్దరి చేతులూ జేబుల్లోనే ఉన్నాయి. ఈ చలికి చూసేవాళ్లకేమీ తేడా తెలియదు.

నవంబర్ 30, ఆదివారం

ఒక్కదాన్నే అత్తయ్య ఇంటికి వెళ్లాను. అడుగు నుంచి వేడి పెట్టే నేల బాగా వెచ్చగా ఉంది. ఆవిడ దుప్పటి కింద కాళ్లు పెట్టుకుని కూర్చుని ఉంది. ఎదురుగా కూర్చుని టైప్ చేశాను. ఫోన్ చదివింది. ఆవిడ ఉలిక్కిపడి చుట్టూ చూసింది.

"ఎవురే ఈ పిల్ల? టీవీలో వార్తలు చదివేదాని మాదిరుంది."

"నేనే అత్తయ్యా, జంగ్‌రిమ్‌ని" అని టైప్ చేశాను.

"నీ గొంతు ఇట్టుంటదా?"

"నాకూ తెలీదు."

కాసేపు ఫోన్‌నీ నన్నూ మార్చి మార్చి చూసింది. నేను నేరుగా రాశాను: పెళ్లైన మూడో రోజు మీరన్న మాట నాకు ఇప్పుడే తెలిసింది.

స్క్రీన్ ఖాళీగా ఉండిపోయింది. యాప్ ఆగిందేమో అనుకున్నాను. ఆవిడే ఆగింది.

"అన్నా" అంది చివరికి. "అన్నదాన్ని అనలేదని చెప్పను. అయితే వాడు నీకు చెప్పలేదా? మరి తెల్లారగానే నవ్వుకుంటా నా కొట్టుకొచ్చి, సాయంత్రందాకా నెత్తళ్లు ఏరావు కదే! అంత మాటన్నా ఇది నవ్వుతందే, దీని మనసు ఎంత పెద్దదో అనుకున్నా. ఆ రోజు సిగ్గుతో నాకు ముద్ద దిగలా."

నేను ఆ రోజు నవ్వింది, మా అమ్మకి నువ్వు బాగా నచ్చావు అని దల్‌సు చెప్పాడని.

నా మాట నేను దాచుకోవచ్చు. ఎవరూ అడగలేదు. అయినా టైప్ చేశాను. "సోల్ పుట్టినప్పుడు మిమ్మల్ని బిడ్డని ముట్టుకోనివ్వద్దన్నాను." వార్తల పిల్ల దాన్ని చక్కగా, వాతావరణం చదివినట్టు చదివింది.

అత్తయ్య దుప్పటి అంచు పట్టుకుని కిందకి చూస్తూ కూర్చుంది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని దగ్గరికి జరిగాను. నవ్వుతోంది. కళ్లలో నీళ్లు కూడా ఉన్నాయి.

"నేను కుండ నెత్తినెట్టుకుని పరిగెత్తా కదే! పిలిచింది పిలిచింది అని వీధంతా చెప్పుకుంటా పోయా!" తర్వాత అంది: "ఆ వెధవ. ఇద్దరినీ ఆడించాడు."

నా ముంజేయి పట్టుకుని దగ్గరికి లాగింది.

"మీ చేతుల బాసలో వెధవ అని ఎట్టంటారే? ముందు అది నేర్పు. వాడికి నేనే చెప్పుకోవాల."

నేర్పాను. ఆవిడ వేళ్లు వంగవు, వంగినవి తిన్నగా రావు. ఒక్క తిట్టుకి అరగంట పట్టింది. మధ్యలో రెండు కమలాపళ్లు తిన్నాం.

డిసెంబర్ 2

దల్‌సు వాళ్లమ్మని చూసి వచ్చాడు. చెవులు ఎర్రబడి ఉన్నాయి. గుమ్మంలో అడుగుపెట్టగానే ఆవిడ చేత్తో తిట్టిందట. ఎవరు నేర్పారు అని అడిగాడు. నాకేం తెలుసు అన్నాను. నా చేతులు జేబుల్లోంచి వచ్చాక ఆయనతో అన్న మొదటి మాట అదే.

తర్వాత అడిగాడు, ఇక నుంచి ఎవరేమన్నా ఉన్నదున్నట్టే చెప్పమంటావా అని. ఉన్నదున్నట్టే అన్నాను.

మధ్యాహ్నం ఆ ప్యాంటావిడ మళ్లీ వచ్చింది. జిప్పు పట్టేస్తోందట, చేతకాకపోతే ముందే చెప్పాలట. దల్‌సు ఒక్క మాట కూడా తగ్గించకుండా చెప్పాడు. సాయంత్రం దాకా మనసు బాగోలేదు. ఆయనకి చెప్పలేదు.

జనవరి 9

అత్తయ్య ఇవాళ నన్ను తిట్టింది. మఫ్లర్ లేకుండా చలిగాలిలో నడిచి వచ్చానని. దల్‌సు పక్కన లేడు, ఫోన్ దుకాణంలో ఛార్జింగ్‌లో ఉంది. తన చేతులతోనే తిట్టింది. సగం వేళ్లు తప్పు.

మళ్లీ చెప్పమన్నాను. మళ్లీ తిట్టింది.